హైదరాబాద్ నుంచి బోర్నియో వర్షారణ్యాలకు: ప్లాన్ ఎక్కడ మొదలుపెట్టాలి, ఎక్కడ కత్తిరించాలి

ఆగ్నేయాసియాలోని బోర్నియో దీవికి వెళ్తున్నామని చెప్పినప్పుడు మా అమ్మ ఒక్కటే అడిగింది. "కోతుల్ని చూసేటందుకు సముద్రం దాటాల్నారా? బహదూర్‌పురా పోతే జూపార్క్ ఉన్నది కదా!"

మొదటిసారి వెళ్లొచ్చాక ఆవిడ మాటే నిజమేమో అనిపించింది. ఆరు రోజుల్లో ఐదు చోట్లు తిరిగేలా ప్యాకేజీ కొన్నాం. ఒరాంగుటాన్‌ని ఎవరి తలల వెనకనుంచో చూశాం, పడవలో గంట కూర్చున్నాం, మిగతా సమయమంతా వ్యాన్‌లో గడిచింది. రెండోసారి ఎనిమిది రాత్రులకు అడవి చోట్లు మూడే పెట్టుకున్నాం. ఆ ట్రిప్ గురించి మా అబ్బాయి ఇప్పటికీ మాట్లాడతాడు. వర్షారణ్యం అంటే జీపులో కూర్చుని పులుల్ని లెక్కపెట్టే సఫారీ కాదు. జంతువులు ఉంటాయి, కానీ 40 మీటర్ల ఎత్తున ఆకుల వెనక ఉంటాయి. వాటి వేళలకు మనం అక్కడ ఉండాలి, అంటే ఒక్కో చోట ఎక్కువ రాత్రులు గడపాలి. ఈ గైడ్‌లో నేను పదే పదే "తగ్గించండి" అంటుంటే కారణం అదే.

1. ముందు ఏ అడవో తేల్చుకోండి

ప్రపంచంలో పెద్ద వర్షారణ్యాలు మూడు ప్రాంతాల్లో ఉన్నాయి: దక్షిణ అమెరికాలో అమెజాన్, ఆఫ్రికాలో కాంగో, ఆగ్నేయాసియాలో బోర్నియో, సుమత్రా, న్యూగినీ దీవులు. అమెజాన్‌కి మనకు నేరుగా విమానం లేదు, పోను రాను ప్రయాణానికే మూడు నాలుగు రోజులు పోతాయి. దానికితోడు అమెజాన్‌కో కాంగోకో వెళ్తే ఎల్లో ఫీవర్ టీకా వేయించుకోవాలి. ఆ దేశాల నుంచి తిరిగొచ్చేటప్పుడు సర్టిఫికెట్ లేకపోతే మన ఎయిర్‌పోర్టులోనే క్వారంటైన్ చేయొచ్చు. టీకా ప్రయాణానికి కనీసం 10 రోజుల ముందే పడాలి. హైదరాబాద్‌లో నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో వేస్తారు.

బోర్నియోకి ఈ తలనొప్పి లేదు. హైదరాబాద్ నుంచి కౌలాలంపూర్ నాలుగు గంటలు పైచిలుకు, అక్కడినుంచి బోర్నియోలోని సాండకాన్ లేదా కోట కినబాలు దాదాపు రెండున్నర, మూడు గంటలు. మలేషియా గడియారం మనకన్నా రెండున్నర గంటలు ముందుంటుంది కాబట్టి జెట్‌లాగ్ కూడా పెద్దగా ఉండదు. బోర్నియో దీవిని మూడు దేశాలు పంచుకున్నాయి: ఇండోనేషియా, మలేషియా, బ్రూనై. మొదటిసారి వెళ్లేవాళ్లకు మలేషియా వైపున్న సబా రాష్ట్రమే సులువు. ఇంగ్లిష్ నడుస్తుంది, రోడ్లు బాగుంటాయి. ఇక ఈ గైడ్ అంతా సబా గురించే.

బడ్జెట్ అంత లేకపోతే చిన్నబుచ్చుకోవాల్సింది ఏమీ లేదు. పడమటి కనుమల్లో అగుంబె, వాల్పరై, సైలెంట్ వ్యాలీ కూడా అసలైన వానడవులే. సింహపు తోక కోతి ప్రపంచంలో ఆ కనుమల్లో తప్ప ఇంకెక్కడా లేదు. కింద రాసిన వాటిలో సగం, ముఖ్యంగా జలగల గురించి రాసింది, అక్కడికీ పనికొస్తుంది.

2. సంక్రాంతి సెలవులు వద్దు

సబాలో వాన లేని నెల అంటూ ఉండదు. హైదరాబాద్‌లో ఏడాది మొత్తానికి 800 మిల్లీమీటర్లు పడితే, అక్కడి డానుమ్ వ్యాలీలో సుమారు 2,800 పడుతుంది. కాబట్టి "ఎప్పుడు వాన పడదు" అని వెతక్కండి, "ఎప్పుడు తక్కువ పడుతుంది" అని చూడండి. తూర్పు సబాలో నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా వాన ఎక్కువ. అక్కడి కినబటాంగన్ నది పొంగి ఒడ్డున కాలిబాటలు మునుగుతాయి. మన పిల్లల సంక్రాంతి సెలవులు సరిగ్గా అప్పుడే వస్తాయి. మార్చి నుంచి అక్టోబర్ దాకా నయం. ఆ లెక్కన మన ఎండాకాలం సెలవులు బాగా కుదురుతాయి, దసరా సెలవులూ పరవాలేదు.

ఏప్రిల్ చివర, మే మొదటి వారాలు నా ఓటు. మే 30, 31 తేదీల్లో సబాలో కామతాన్ అనే వరికోతల పండగ జరుగుతుంది, కడజాన్ దుసున్ ప్రజలకు అది మన సంక్రాంతి లాంటిది. చూడాలనుకుంటే ఆ తేదీలు పెట్టుకోండి, కానీ గదులు చాలా ముందే నిండిపోతాయి.

3. మూడు చోట్లు ఎంచుకోండి, నాలుగోది పెట్టకండి

*సెపిలోక్.* సాండకాన్ ఊరికి పాతిక కిలోమీటర్ల లోపు. 1964లో మొదలైన ఒరాంగుటాన్ పునరావాస కేంద్రం ఇక్కడే ఉంది. తల్లిని పోగొట్టుకున్న పిల్లల్ని, పెంపుడు జంతువులుగా పట్టుబడ్డవాటిని తెచ్చి చెట్లెక్కడం, గూడు కట్టుకోవడం నేర్పి పక్కనున్న రిజర్వు అడవిలోకి వదులుతారు. పొద్దున 10కి, మధ్యాహ్నం 3కి వేదిక మీద పళ్లు పెడతారు, జనమంతా అప్పుడే వస్తారు. అడవిలో పళ్లు బాగా దొరుకుతున్న రోజుల్లో ఒరాంగుటాన్లు రాకపోవచ్చు. రాలేదని విసుక్కునేవాళ్లు ఉంటారు కానీ, అవి సొంతంగా బతకడం నేర్చుకున్నాయనేగా దాని అర్థం. దాని పక్కనే సన్‌బేర్ అనే చిన్న నల్ల ఎలుగుబంట్ల కేంద్రం. రెండూ కలిపి ఒక పూట, ఒక రాత్రి చాలు.

లోపలికి బ్యాగు, తిండి, దోమల స్ప్రే తీసుకెళ్లనివ్వరు. లాకర్లు ఉంటాయి. జలుబు, దగ్గు ఉంటే వెళ్లకండి. మన రోగాలు వాటికి తేలిగ్గా అంటుకుంటాయి.

*కినబటాంగన్ నది.* సబా ట్రిప్‌కి గుండెకాయ ఇదే అని నా లెక్క. 560 కిలోమీటర్ల పొడవున్న ఈ నది ఒడ్డున సుకావ్ అనే ఊరి చుట్టూ లాడ్జీలు ఉన్నాయి. సెపిలోక్ నుంచి కారులో రెండు గంటలు పైనే. ఆ రోడ్డు పొడుగునా రెండువైపులా ఆయిల్‌పామ్ తోటలే. మొదటిసారి ఆ దారి చూసి నాకు కడుపులో దేవినట్లయింది. కానీ ఇక్కడ జంతువులు అంత తేలిగ్గా కనపడటానికి కారణం కూడా ఆ తోటలే. అడవి నరికి తోటలు వేస్తూ పోతే మిగిలింది నది వెంట సన్నటి పట్టీ మాత్రమే, ఏనుగైనా కోతైనా అందులోనే సర్దుకోవాలి. మన వంటింటి పామాయిల్ డబ్బాకీ ఆ రోడ్డుకీ సంబంధం ఉంది. ప్రపంచంలో పామాయిల్ అందరికన్నా ఎక్కువ దిగుమతి చేసుకునేది మనమే.

ఇక్కడ చూసేదంతా పడవలోంచే. పొడవాటి ముక్కు వేలాడే ప్రొబోసిస్ కోతులు పగలు లోపల ఆకులు మేసి, సాయంత్రం నది ఒడ్డున చెట్లమీదకు నిద్రకు చేరతాయి. అందుకే పడవలు 4 గంటలకు బయల్దేరతాయి. సూర్యాస్తమయం 6 దాటగానే, దానికి ముందున్న ఆ రెండు గంటలే బంగారం. మళ్లీ పొద్దున 6కి ఇంకో పడవ, పొగమంచులో హార్న్‌బిల్ పక్షుల రెక్కల చప్పుడు దూరం నుంచే వినపడుతుంది. బోర్నియోలో ఉన్న 8 రకాల హార్న్‌బిల్స్ కూడా ఈ నది దగ్గర కనిపిస్తాయి. మర్రి, మేడి జాతి చెట్టు కాయలతో నిండి ఉంటే అక్కడే పడవ ఆపమనండి. పక్షులు, కోతులు, అదృష్టం ఉంటే ఒరాంగుటాన్ కూడా, అన్నీ ఆ చెట్టుకే వస్తాయి.

పిగ్మీ ఏనుగులు మాత్రం గ్యారంటీ లేదు. గుంపు నది వెంట తిరుగుతూ ఉంటుంది, మీరున్న వారం ఇక్కడ ఉండొచ్చు, ఎగువన ముప్పై కిలోమీటర్ల దూరంలో ఉండొచ్చు. ఒక రాత్రి ఉంటే మీకు వచ్చేది రెండు పడవ ప్రయాణాలు, అందులో ఒకటి వానకు పోతుంది. మూడు రాత్రులు ఉంటే ఆరు. నా మొదటి ట్రిప్‌కీ రెండో ట్రిప్‌కీ తేడా ఇంతే.

*డానుమ్ వ్యాలీ.* 438 చదరపు కిలోమీటర్ల అడవి, రంపం పడనిది. లహద్ దాతు ఊరి నుంచి 80 కిలోమీటర్లు, ఎక్కువభాగం కలప లారీల మట్టిరోడ్డు, రెండు గంటలు పైగా. 2019లో ఇక్కడే ఒక పసుపు మెరాంటీ చెట్టు 100.8 మీటర్లని కొలిచారు. చార్మినార్ మీద ఇంకో చార్మినార్ పెడితే దాదాపు అంత. ఆ చెట్టు దగ్గరికి మనల్ని తీసుకెళ్లరు గానీ, అలాంటి చెట్ల కింద నడుస్తున్నామన్న సంగతి మెడ నొప్పి పుట్టాక తెలుస్తుంది.

ఉండటానికి రెండు రకాలు: ఖరీదైన లాడ్జి, సైంటిస్టుల కోసం కట్టిన ఫీల్డ్ సెంటర్. ఫీల్డ్ సెంటర్‌లో ఖర్చు తక్కువ, సౌకర్యాలూ తక్కువే. దాని వ్యాన్ ప్రతిరోజూ నడవదు. ఆ రోజులు ముందు కనుక్కుని, మిగతా ప్లాన్ దాని చుట్టూ కట్టుకోవాలి. చాలామంది దీన్ని చివర్లో చూసుకుని ఇరుక్కుంటారు. ఇక్కడ జంతువులు నది దగ్గర కనపడ్డంత తేలిగ్గా కనపడవు. గిబ్బన్లనే తోకలేని వానరాల పాట మాత్రం తెల్లారక ముందే మొదలవుతుంది. రాత్రి టార్చ్ నడకలో ఎగిరే ఉడుతలు, ఆకుల మీద నిద్రపోతున్న పక్షులు, అరచేతిలో పట్టేంత, పెద్ద కళ్ల టార్సియర్ అనే చిన్న జంతువు కూడా కనపడొచ్చు. రెండు రాత్రులు కనీసం, మూడైతే మంచిది.

డబ్బు చాలకపోతే డానుమ్ తీసేసి నది దగ్గర నాలుగు రాత్రులు ఉండండి. రెండుచోట్లా ఒక్కో రాత్రి మాత్రం ఉండకండి.

4. అడ్వెంచర్ భాగం: కొండ ఎక్కాలా వద్దా

కినబాలు శిఖరం 4,095 మీటర్లు. తాళ్లూ ప్రత్యేక పరికరాలూ మోసుకెళ్లక్కర్లేని ఎక్కుడే, కానీ దీన్ని తక్కువ అంచనా వేయకండి. మొదటిరోజు 1,866 మీటర్ల దగ్గరున్న టింపోహోన్ గేటు నుంచి 6 కిలోమీటర్లు, దాదాపు అన్నీ మెట్లే, 3,200 మీటర్ల పైన ఉన్న పనలబాన్ దాకా. రాత్రి 2 దాటాక లేచి చీకట్లో గ్రానైట్ బండమీద అక్కడే కట్టి ఉంచిన తాడు పట్టుకుని శిఖరానికి. ఆ తర్వాత అదే రోజు మొత్తం కిందికి. మోకాళ్లు ఏడ్చేది దిగేటప్పుడే. పర్మిట్ రోజుకు పరిమిత సంఖ్యలోనే ఇస్తారు, గైడ్ తప్పనిసరి. 2015 జూన్‌లో భూకంపం వచ్చి కొండమీద ప్రాణాలు పోయాక దారి కూడా కొంత మార్చారు. ఆ కొండను స్థానికులు పూర్వీకుల ఆత్మలుండే చోటుగా కొలుస్తారు. మనకు యాదగిరిగుట్ట ఎలాగో వాళ్లకు అలాగ. శిఖరం మీద వెకిలి ఫోటోలు వద్దు.

జంతువులూ కొండా ఒకే ట్రిప్‌లో కావాలంటే పది రాత్రులన్నా కావాలి, కొండ చివర్లో పెట్టుకోండి. ముందు ఎక్కితే తర్వాత మూడురోజులు పడవ మెట్లు దిగడం కూడా కష్టమే. మా బావ ఆ తప్పు చేశాడు, జలగలకన్నా మోకాళ్లనే ఎక్కువ తిట్టుకున్నాడు.

పిల్లలు, పెద్దవాళ్లు ఉంటే శిఖరం వదిలేసి కొండ కింద పోరింగ్ వేడినీటి గుండాలకు వెళ్లండి. చెట్లపైన వేసిన తాళ్ల వంతెన ఉంది, చుట్టుపక్కల రఫ్లీసియా పువ్వు విచ్చిందంటే రోడ్డు పక్కన బోర్డు పెడతారు. ప్రపంచంలో అతిపెద్ద పూల జాతి అది, విచ్చాక వారంలోపే కుళ్లిపోతుంది. బోర్డు కనపడితే ఆగండి.

5. బుకింగ్ వరుస తప్పకూడదు

మనం చౌక విమానం టికెట్ కనపడగానే కొనేసి, తర్వాత మిగతావి వెతుకుతాం. ఇక్కడ తిరగేసి చేయాలి. కొండ పర్మిట్ మొదట, దాని తర్వాత డానుమ్, ఆ తర్వాత నది లాడ్జి, ఆపైన మలేషియా లోపలి విమానాలు, చివర్లో హైదరాబాద్ టికెట్. ఆరునెలల ముందు మొదలుపెడితే టెన్షన్ లేదు. కౌలాలంపూర్‌లో విమానం మారేచోట రెండూ ఒకే టికెట్ మీద లేకపోతే నాలుగైదు గంటలన్నా ఖాళీ వదలండి, టెర్మినల్ మారాల్సి రావొచ్చు.

నది లాడ్జికి డబ్బు కట్టేముందు ఈమెయిల్‌లో అడగాల్సినవి: పడవలో ఎంతమంది కూర్చుంటారు, మీకు గైడ్ ఒక్కరేనా గుంపు మొత్తానికా, జంతువుల దగ్గర ఇంజిన్ ఆపి చిన్న కరెంటు మోటారు వాడతారా, ఎన్ని పడవ ప్రయాణాలు ప్యాకేజీలో ఉన్నాయి, వాన పడితే మళ్లీ తీసుకెళ్తారా. జవాబు సూటిగా ఇచ్చినవాళ్ల దగ్గరే తీసుకోండి. మా మొదటి ట్రిప్‌లో ఒక ఏజెంట్ "రివర్ సఫారీ ఇన్‌క్లూడెడ్" అన్నాడు. ఎన్నిసార్లు అని అడగలేదు, అది మా తప్పే. ఒక్కసారే తీసుకెళ్లారు, అదీ మిట్టమధ్యాహ్నం, కోతులు అడవి లోపల ఉండే వేళ.

6. కాగితాలు, డబ్బు

పాస్‌పోర్టుకు ఇంకా ఆరునెలల గడువు ఉండాలి. భారతీయులకు 2023 డిసెంబర్ 1 నుంచి 30 రోజుల్లోపు పర్యటనకు మలేషియా వీసా అడగడం లేదు. గడువు పెట్టి పొడిగిస్తున్న మినహాయింపు కాబట్టి టికెట్ కొనే రోజున మరోసారి సరిచూసుకోండి. దిగడానికి మూడు రోజుల్లోపు డిజిటల్ అరైవల్ కార్డు ఆన్‌లైన్‌లో నింపాలి. అది ఉచితం. డబ్బు అడిగిన వెబ్‌సైటు నకిలీది. సబాకు సొంత ఇమ్మిగ్రేషన్ ఉంది, కౌలాలంపూర్ నుంచి లోపలి విమానంలో వెళ్లినా మళ్లీ పాస్‌పోర్టు చూపించాలి, చెక్‌ఇన్ లగేజీలో పెట్టకండి.

మన దగ్గర ప్యాకేజీగా కొంటే టీసీఎస్ అనే పన్ను ముందే పట్టుకుంటారు, రిటర్న్ వేసేటప్పుడు తిరిగి లెక్కలోకి తెచ్చుకోవచ్చు. విడివిడిగా మీరే బుక్ చేసుకుంటే ఆ గొడవ తగ్గుతుంది. ఫారెక్స్ కార్డు పట్టణాల్లో పనిచేస్తుంది. సుకావ్‌లో, డానుమ్‌లో మలేషియా డబ్బు రింగిట్ నోట్లే. లహద్ దాతు దాటేముందు ఏటీఎం దగ్గర ఆగండి. హోటళ్లలో విదేశీయులకు గదికి రాత్రికి 10 రింగిట్ల టూరిజం ట్యాక్స్ వేరుగా కట్టించుకుంటారు.

ఇన్సూరెన్స్ పాలసీలో రెండు మాటలు వెతకండి. ట్రెక్కింగ్‌కు ఎత్తు పరిమితి ఎంత, చాలా పాలసీలు 4,000 మీటర్లకన్నా కిందే ఆగిపోతాయి. అలాగే తూర్పు సబా తీరాన్ని కవర్ చేస్తుందా. అక్కడి దీవుల్లో ఫిలిప్పీన్స్ వైపు ముఠాలు మనుషుల్ని ఎత్తుకెళ్లిన ఘటనలు గతంలో జరిగాయి, 2013 నుంచి ఆ తీరానికి ప్రత్యేక భద్రతా దళం ఉంది. నది లాడ్జీలకు, డానుమ్‌కు కుటుంబాలు హాయిగా వెళ్లొస్తున్నాయి. సెంపోర్నా వైపు దీవులకు డైవింగ్‌కి వెళ్లాలనుకుంటే మాత్రం తాజా హెచ్చరికలు చదివి నిర్ణయించుకోండి.

7. హైదరాబాద్‌లోనే చేసుకోవాల్సిన ప్రాక్టీసు

రెండు నెలలు చాలు. జిమ్ అక్కర్లేదు. అపార్ట్‌మెంట్ లిఫ్ట్ మానేయండి, భుజాన ఐదు కిలోల బ్యాగుతో ఎక్కి దిగండి. ఆదివారాలు గోల్కొండ పైదాకా, లేదా మౌలాలి గుట్ట మెట్లు. ఒకసారి వానలో అనంతగిరి గుట్టల్లో నడవండి, తడి బూట్లతో మూడు గంటలు ఉండగలరో లేదో వికారాబాద్‌లో తెలుసుకోవడం సబాలో తెలుసుకోవడంకన్నా చవక.

కాళ్లకన్నా కళ్లకు ప్రాక్టీసు ఎక్కువ కావాలి. బైనాక్యులర్ కొన్నాక చాలామంది దాన్ని విమానంలో మొదటిసారి బయటికి తీస్తారు. చెట్టుమీద కదలిక కనపడగానే చూపు తిప్పకుండా బైనాక్యులర్‌ని కళ్ల దగ్గరికి తేవడం ఒక నేర్పు, వారం రోజులన్నా పడుతుంది. కేబీఆర్ పార్కులో పొద్దున్నే, లేదా అమీన్‌పూర్ చెరువు గట్టుమీద అలవాటు చేసుకోండి. డెక్కన్ బర్డర్స్ వాళ్లతో ఒక ఉదయం నడిస్తే నెలరోజుల్లో రానిది వస్తుంది. 8×42 రకం కొనండి. 8 అంటే ఎన్ని రెట్లు దగ్గరగా చూపిస్తుందో, 42 అంటే ముందు అద్దం వెడల్పు మిల్లీమీటర్లలో. వర్షారణ్యంలో మధ్యాహ్నం కూడా మసకగానే ఉంటుంది, వెడల్పు అద్దం లేకపోతే నల్లటి ముద్ద తప్ప ఏమీ కనపడదు. ఇద్దరికి ఒకటి సరిపోతుందని అనుకోకండి. దంపతులు కొట్టుకునేది అక్కడే.

8. బ్యాగులో ఏముండాలి

జీన్స్ పెట్టకండి, తడిస్తే తిరిగొచ్చేదాకా ఆరదు. త్వరగా ఆరే పొడుగు ప్యాంట్లు రెండు, పొడుగు చేతుల చొక్కాలు మూడు, రంగు మట్టిదో ఆకుపచ్చో. గాలిలో తేమ ఎంతుంటుందంటే ఉతికిన బనియన్ రెండు రోజులు వేలాడదీసినా చల్లగానే తగులుతుంది.

బూట్లకు వేలు పోయకండి. అక్కడి గైడ్ల కాళ్లకు చూడండి, నల్లటి రబ్బరు బూట్లు, అడుగున బొడిపెలు. "అడిడాస్ కంపోంగ్" అని ముద్దుగా పిలుస్తారు, అంటే పల్లెటూరి అడిడాస్. సాండకాన్ బజార్లో కొన్ని రింగిట్లకే దొరుకుతాయి, బురదలో జారవు, కడిగితే అరగంటలో ఆరతాయి. మనవాళ్ల సైజులు ఉంటాయి. పాదం 11 దాటితే కష్టం.

జలగ మేజోళ్లు తప్పనిసరి. మోకాలిదాకా వచ్చే, దగ్గరగా నేసిన గుడ్డ సంచులవి, మేజోళ్ల మీద తొడుక్కుని కింద బూటు వేసుకోవాలి. అక్కడా దొరుకుతాయి, మన టైలర్‌కి చెప్పినా కుట్టిస్తాడు, అడుగున కుట్టు బయటివైపు ఉండాలని గుర్తుచేయండి, లేకపోతే పాదం కోసుకుపోతుంది. జలగ కరిస్తే నొప్పి ఉండదు, రక్తం మాత్రం గడ్డకట్టకుండా చాలాసేపు కారుతుంది. కంగారు పడి నిప్పు పెట్టకండి, ఉప్పు పోయకండి. గోరుతో నోటి దగ్గర పక్కకు గీరితే ఊడొస్తుంది. కడిగి ప్లాస్టర్ వేయండి.

ఇంకా: నీళ్లు చొరబడని డ్రై బ్యాగ్, సిలికా జెల్ పొట్లాలు, తలకు కట్టుకునే టార్చ్, మూడు చదరపు పిన్నుల ప్లగ్ అడాప్టర్, పవర్ బ్యాంక్. ఏసీ గదిలోంచి కెమెరాను ఒక్కసారిగా బయటికి తెస్తే అద్దం మంచుపట్టి పావుగంట పనిచేయదు, అరగంట ముందే బ్యాగుతో సహా బాల్కనీలో పెట్టండి.

9. తిండి

మలేషియా అంటే ఎటుచూసినా ఇడ్లీ దొరుకుతుందనుకుంటాం. అది పశ్చిమాన, కౌలాలంపూర్ వైపు మాట. రబ్బరు, కొబ్బరి తోటల్లో పనికి వెళ్లిన మన తెలుగువాళ్ల వారసులు ఉండేదీ అటే. సబాలో భారతీయులు బాగా తక్కువ. హలాల్ తినేవాళ్లకు ఇబ్బంది లేదు. శాకాహారులకే జాగ్రత్త కావాలి: కూరగాయల కూరలో కూడా బెలాచాన్ అనే రొయ్యల ముద్ద కలుపుతారు, వాళ్ల లెక్కలో అది మాంసం కాదు. "వెజిటేరియన్" అంటే చాలదు. "తక్ మాకన్ డాగింగ్, ఇకాన్, ఊడాంగ్, బెలాచాన్" అని వరుసగా చెప్పండి: మాంసం, చేప, రొయ్య, రొయ్యల ముద్ద తినను అని. లాడ్జికి బుకింగ్‌లోనే రాసి పెట్టండి.

ఇంటినుంచి కందిపొడి, పులిహోర పేస్టు, కారప్పూస తీసుకెళ్లండి. మాంసం పచ్చళ్లు మాత్రం వద్దు, మాంసం దిగుమతి మీద ఆంక్షలు ఉన్నాయి. గదిలో పొట్లం విప్పి వదిలేస్తే రాత్రికి చీమలు, పొద్దున కిటికీలోంచి కోతులు. మా కారప్పూస డబ్బా ఒక మకాక్ కోతి మూత తీసి మరీ తిన్నది.

10. ఆరోగ్యం, వెళ్లేముందూ వచ్చాకా

నెలన్నర ముందు డాక్టర్‌ని కలవండి. టైఫాయిడ్, హెపటైటిస్ ఎ, టెటనస్ టీకాల సంగతి, మలేరియా మాత్రలు మీకు కావాలా లేదా అన్నది ఆయనే చెప్పాలి. చర్మానికి డీట్ అనే దోమల మందు ఉన్న క్రీము, సాయంత్రం పొడుగు చేతులు. నదిలో ఈత వద్దు, మొసళ్లు ఉన్నాయి, చేయి కూడా వేలాడదీయకండి. వాగుల్లో దిగాల్సి వస్తే ఒంటిమీద గాయాలు లేకుండా చూసుకోండి. 2000లో సబాలో జరిగిన ఒక అడ్వెంచర్ పోటీలో నది ఈదిన చాలామందికి లెప్టోస్పైరోసిస్ సోకింది, ఎలుకలు, ఇతర జంతువుల మూత్రం కలిసిన నీటితో వచ్చే జబ్బు అది. కోతి కరిచినా గీరినా సబ్బునీళ్లతో పావుగంట కడిగి అదేరోజు ఆస్పత్రికి వెళ్లాలి.

అసలు జాగ్రత్త తిరిగొచ్చాక. దోమ వల్ల మలేరియా వస్తుందని రొనాల్డ్ రాస్ 1897లో కనిపెట్టింది మన సికింద్రాబాద్‌లోనే. సబాలో ఉన్నది ఇంకో రకం మలేరియా, మకాక్ కోతుల నుంచి దోమ ద్వారా మనిషికి వచ్చే నోలెసై. 24 గంటలకోసారి శరీరంలో సంఖ్య పెంచుకుంటూ పోతుంది, త్వరగా ముదురుతుంది. మైక్రోస్కోపు కింద దీన్ని తేలికపాటి మలేరియా రకంగా పొరబడే ప్రమాదం కూడా ఉంది. వచ్చిన నెలరోజుల్లో జ్వరం వస్తే, పైగా అది వానాకాలమైతే, మన దగ్గర ఎవరైనా ముందు డెంగీ అనే అనుకుంటారు. మీరు కుర్చీలో కూర్చోగానే "నేను బోర్నియో అడవిలో ఉండి వచ్చాను, ఫలానా తేదీన" అని చెప్పండి. రక్త పరీక్ష చీటీ మీద మలేరియా, లెప్టో రెండూ రాయించుకోండి. లాడ్జి పేరు, ఉన్న తేదీలు రాసిన కాగితం పాస్‌పోర్టులోనే పెట్టి ఉంచండి, జ్వరంలో అవి గుర్తుకు రావు.